రీల్ చూసింది మూడు లక్షల మంది, కొన్నది నలుగురు

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది శ్రీకాళహస్తి. పెళ్లయ్యాక తొమ్మిదేళ్లుగా చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. నాన్న దగ్గర నేర్చుకున్న కలంకారీ ఇంట్లోనే వేస్తుంటాను. బ్లౌజ్ పీసులు, దుపట్టాలు, ఎవరైనా అడిగితే చీరలు. రెండేళ్ల కిందట ఇన్‌స్టాగ్రామ్‌లో పేజీ పెట్టాను. ఇప్పుడు 11 వేల పైచిలుకు ఫాలోవర్లు ఉన్నారు. పోయిన మార్గళిలో (ధనుర్మాసంలో) ఒక రీల్‌ను మూడు లక్షల మంది చూశారు. దాని వల్ల వచ్చిన ఆర్డర్లు నాలుగు. మిగతా రీల్స్ మూడు నాలుగు వందల దగ్గరే ఆగిపోతున్నాయి. పాట వెతకడం, ఎడిటింగ్, కామెంట్లకు జవాబులు, వీటికే రోజుకు మూడు గంటలు పోతున్నాయి. రేటు అడిగి, చెప్పగానే మాయమయ్యేవాళ్లే ఎక్కువ. బ్లౌజ్ పీసు 2,800 అంటే "టీ నగర్‌లో మీటరు 150కి కలంకారీ దొరుకుతుంది కదండీ" అంటారు. కాలేజీ రోజుల్లో నాకు రాయడం ఇష్టం. బ్లాగు పెడదామా అనిపిస్తోంది. "ఈ రోజుల్లో బ్లాగులు ఎవరు చదువుతారు వదినా" అంటాడు మా మరిది. మావారేమో డబ్బు పెట్టి రీల్స్‌ను బూస్ట్ చేద్దామంటారు. నాకు తమిళం మాట్లాడటం వచ్చు, రాయడం రాదు. ఏ భాషలో రాయాలో కూడా తేలడం లేదు. చాలా టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

ఒక చెల్లెలు, వేళచ్చేరి

సమాధానం:

చెల్లెమ్మా, మీ ఉత్తరం చదవగానే నేను ఆ మూడు గంటల లెక్క వేశాను. వారానికి ఆరు రోజులనుకున్నా పద్దెనిమిది గంటలు. ఒక బ్లౌజ్ పీసుకు బొమ్మ గీసి నల్ల గీత పూర్తి చేయడానికి ఆరేడు గంటలు పడుతుందనుకుంటే, వారానికి రెండు మూడు పీసుల పని ఫోనులోకి పోతోంది. పోయిన గంటలు ఏమైనా మిగిల్చాయా అంటే, మీరే రాశారు, మూడు నాలుగు వందల మంది చూసి వెళ్లిపోయారు. వచ్చే వారం మళ్లీ మొదటి నుంచి మొదలు.

అందుకే నా సలహా ముందే చెప్పేస్తాను. బ్లాగు పెట్టండి. ఇన్‌స్టా మానొద్దు, కానీ దానికిచ్చే టైమును మూడో వంతుకు తగ్గించండి. బూస్ట్ ఇప్పుడే వద్దు. ఎందుకలా అంటున్నానో ఒక్కొక్కటిగా చెబుతాను.

ముందు ఆ మూడు లక్షల రీల్ సంగతి. మాంబళం స్టేషన్ దిగి రంగనాథన్ వీధిలో సాయంత్రం ఆరింటికి నడిచారనుకోండి. మీ చేతిలో అందమైన దుపట్టా ఉంటే నలుగురు తల తిప్పి చూస్తారు, ఒకరిద్దరు "భలే ఉందే" అంటారు. కానీ ఆ జనంలో ఎక్కువ మంది రైలు అందుకోవడానికి పోతున్నారు, కొందరు స్టీలు సామాన్ల కోసం వచ్చారు, ఎవరి పని వాళ్లది. రీల్ చూసేవాళ్లదీ అదే పరిస్థితి. మీ బొమ్మ వాళ్లు వెతికి తెచ్చుకున్నది కాదు, వేలు పైకి జరుపుతుంటే మధ్యలో తగిలింది. అందులో ఎంతమంది చెన్నైలో ఉన్నారో, ఎంతమందికి ఆ నెలలో బ్లౌజ్ అవసరమో మీకు తెలియదు. అలాంటి జనంలోంచి నలుగురు ఆగి డబ్బు కట్టారంటే మీ పనిలో దమ్ముందని నాకు అర్థమవుతోంది.

ఇంకో మనిషిని ఊహించండి. ఆదంబాక్కంలోనో అడయారులోనో ఒకావిడ. రెండు నెలల్లో కూతురి అరంగేట్రం ఉంది. రాత్రి పదకొండింటికి పనులన్నీ అయ్యాక ఫోను తీసి, "చేత్తో వేసిన కలంకారీ బ్లౌజ్ చెన్నై" అని గూగుల్‌లో కొడుతుంది. ఆమె ఒక్కతే. కానీ అవసరం ఉంది, తేదీ ఉంది, ఎంతో కొంత పెట్టడానికి సిద్ధపడే వెతుకుతోంది. ఆమె వెతికిన చోట ఈ రోజు మీరు లేరు. ఉండాలంటే మీ పేరుతో, మీ మాటలతో ఒక చోటు కావాలి. బ్లాగు అనండి, వెబ్‌సైటు అనండి, పేరు ఏదైనా పర్వాలేదు.

మీ మరిది మాటలో నిజం లేకపోలేదు. నేను 2011 నుంచి బ్లాగు రాస్తున్నాను. పెరంబూరులో మా ఇంట్లోనే చేత్తో కుట్టిన నోటు పుస్తకాలు చేసి అమ్ముతుంటాను. ఆ రోజుల్లో పొద్దున్నే తెలుగు బ్లాగులన్నిటినీ కలిపి చూపించే కూడలి సైటు తెరిస్తే ఎవరెవరు కొత్త టపా (బ్లాగు పోస్టు) రాశారో ఒకే చోట కనిపించేది. ఒకరి టపా కింద ఇంకొకరం వ్యాఖ్యలు రాసుకునేవాళ్లం. బ్లాగుల్లో కొత్తగా వచ్చినవి ఒకేచోట చదువుకోవడానికి వాడే గూగుల్ రీడర్‌ను 2013 జూలైలో మూసేశారు. ఈలోగా జనమంతా ఫేస్‌బుక్‌కు, తర్వాత ఇన్‌స్టాకు వెళ్లిపోయారు. కాలక్షేపానికి బ్లాగులు చదివే అలవాటు నిజంగానే చాలా తగ్గింది. ఆ సందడి పోయినందుకు నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కానీ మీకు కావాల్సింది కాలక్షేపానికి చదివేవాళ్లు కాదు కదా. కొనాలనుకుని, అనుమానంతో, ఎవరినైనా అడిగి తెలుసుకుందామని వెతికేవాళ్లు ఇప్పటికీ చదువుతారు. తాము చదువుతున్నది బ్లాగని కూడా వాళ్లకు తెలియదు.

నాకు ఎదురైన ఒక సంగతి చెబుతాను. చెన్నై ఉప్పు గాలికి, తేమకు కాగితం ఎలా ఉబ్బుతుందో, పుస్తకాలను బీరువాలో ఎలా పెట్టుకోవాలో 2013లో ఒక టపా రాశాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, రెండు గంటల పని. దాన్ని చదివి ఫోను చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. వాళ్లు బేరమాడరు. అప్పటికే నా గురించి కొంత తెలుసుకుని, నమ్మి ఫోను చేస్తారు. ఆ తర్వాత నేను సోషల్ మీడియాలో పెట్టిన వందల పోస్టుల్లో ఒక్కటీ నాకలా పని చేసిపెట్టలేదు.

ఇంకొకటి, చెప్పడానికి కష్టంగా ఉన్నా చెప్పాలి. ఒక ఏడాది సరిగ్గా నవరాత్రుల ముందు ఒక సోషల్ మీడియా సంస్థ నా ఖాతాను మూసేసింది. ఏ తప్పు చేశానో చెప్పలేదు. పందొమ్మిది రోజుల తర్వాత అంతే మౌనంగా తెరిచారు. ఆ పందొమ్మిది రోజుల్లో పాత కస్టమర్లను చేరుకుందామంటే ఒక్కరి నంబరూ నా దగ్గర విడిగా రాసి లేదు. మాట్లాడుకున్నవన్నీ ఆ ఖాతాలోని మెసేజుల్లోనే ఉండిపోయాయి. ఆ సీజనులో నాకు నాలుగు ముద్దలు పెట్టింది బ్లాగులో నా ఫోను నంబరు చూసి పిలిచినవాళ్లే.

నా ఒక్కదానికే జరిగింది కాదిది. 2020 జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 యాప్‌లను ప్రభుత్వం నిషేధించింది. మన పల్లెల్లో ఎంతోమంది ఏళ్ల తరబడి కూడబెట్టుకున్న చూపరులు ఒక్క రాత్రిలో పోయారు. 2021 అక్టోబరు 4న ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ మూడూ ఒకేసారి ఆరు గంటల పాటు ఆగిపోయాయి. ఆ ఏడాది నవరాత్రులు మూడు రోజుల్లో మొదలవబోతున్నాయి, కొలువు వాయనాల ఆర్డర్లు వచ్చే వేళ అది. భయపెట్టడానికి చెప్పడం లేదు. అద్దె ఇంట్లో ఉండొచ్చు, బాగానే బతకొచ్చు, కానీ నగలు, కాగితాలు ఓనరు గదిలో దాచుకోం కదా.

ఇప్పుడు మీ 150 రూపాయల ప్రశ్నకు వస్తాను. మీ ఉత్తరంలో అసలైన విషయం నాకు అక్కడే కనిపించింది. ఆ మాట అన్నావిడ మీ మీద చులకనతో అన్నదనుకోకండి. ఆమెకు నిజంగా తెలియదు. బట్టల కొట్లో మూడు వేరు వేరు సరుకుల్ని ఒకే పేరుతో అమ్ముతున్నారు. కలంతో గీసే మీ కాళహస్తి పని ఒకటి. చెక్క అచ్చులతో అద్దే మచిలీపట్నం, పెడన పని ఇంకొకటి. ఆ రెంటి డిజైన్లనే మిల్లులో ముద్రించి తానులు తానులుగా దింపేది మూడోది. మీటరు 150కి దొరికేది ఆ మూడోదే. మూడింటికీ కలంకారీ అనే పేరు. ఈ తేడాను ముప్పై సెకన్ల రీల్‌లో, వెనక ఎవరిదో పాట మోగుతుండగా ఎలా చెప్పగలరు? కామెంటులో చెప్పబోతే సంజాయిషీ చెప్పుకున్నట్టు ఉంటుంది. దానికి తీరిగ్గా, ఫోటోలతో, ఒక టపా కావాలి. మీ మొదటి నాలుగైదు టపాల్లో ఇది తప్పకుండా ఉండాలి.

ఎలా రాయాలంటే, గుడ్డ దగ్గర మొదలుపెట్టండి. గాడా అనే ముతక నూలు గుడ్డలో గంజి పోయేలా ఉతకడం, కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి ఎండబెట్టడం. పాలు ఎందుకో చెప్పండి. పాలలోని కొవ్వు వల్లనే కదా కలం పెట్టిన చోట రంగు పాకకుండా గీత గీతగా నిలుస్తుంది. చదివేవాళ్లకు ఇది కథలా ఉంటుంది, మీకు మాత్రం రోజూ చేసే పని. చింత బొగ్గుతో గీయడం, వెదురు కలానికి చుట్టిన ఉన్నిని వేళ్లతో నొక్కుతూ రంగు దించడం చెప్పండి. ఇనుప ముక్కలు, బెల్లం వేసి వారాల తరబడి పులియబెట్టిన నల్లరంగు కుండ గురించి చెప్పండి. కరక్కాయ పట్టిన గుడ్డ మీద ఆ నీళ్లు పడగానే పలచటి గీత కళ్ల ముందే నల్లబడుతుంది చూడండి, ఆ క్షణం ఫోటోల్లో చూపించండి. పటిక పెట్టిన చోటే ఎరుపు ఎలా పడుతుందో, మిగతా చోట ఎందుకు పట్టదో రాయండి. ఉడకబెట్టడం, పారే నీళ్లలో ఉతకడం, మళ్లీ పాలలో ముంచడం, పసుపు, నీలం. ఇన్ని చేతులు మారి, ఇన్ని ఎండలు చూసిన గుడ్డ 2,800 ఎందుకయిందో ఇక మీరు వాదించనక్కర్లేదు. ఏ దశకు ఎన్ని రోజులు పడుతుందో, సామానుకు ఎంత, మీ చేతి పనికి ఎంత వేసుకుంటున్నారో కూడా దాచకుండా రాసేయండి. రేటు దాచేవాళ్లను జనం అనుమానిస్తారు. లెక్క విప్పి చూపించినవాళ్లను నమ్ముతారు.

ఉతుకు పని ఎక్కడ చేస్తున్నారో మీరు రాయలేదు. వేళచ్చేరి ఫ్లాటులో ట్యాంకరు నీళ్లతో ఇంత పని కుదరదు, కాళహస్తికి పంపుతున్నారేమో. అలాగైతే అదే రాయండి. గీత వేళచ్చేరిలో, ఉతుకు కాళహస్తిలో అంటే ఎవరూ తక్కువగా చూడరు. పైగా ఆర్డరుకు అన్ని రోజులు ఎందుకు పడుతుందో దానంతట అదే అర్థమవుతుంది.

ఒక్క మాట మాత్రం గుర్తుంచుకోండి. మీ పని గొప్ప అని చెప్పడానికి పెడన వాళ్ల అచ్చు పనిని తక్కువ చేయొద్దు. అదీ చేతి పనే, వాళ్ల కష్టమూ మీలాంటిదే. మిల్లు గుడ్డను ఎలా గుర్తుపట్టాలో చెప్పండి చాలు. చేతి గీత ఒకచోట లావుగా, ఒకచోట సన్నగా ఉంటుంది. ఒకే నెమలిని నాలుగుసార్లు వేసినా నాలుగు నెమళ్లూ ఒకేలా ఉండవు. కొత్త గుడ్డకు ఆ పాల వాసన కొన్నాళ్లు ఉంటుంది. ఈ వాసన చూసి పాడైపోయిందేమోనని భయపడే కస్టమర్లు ఉంటారు, వాళ్లకు కూడా ఈ టపా ఉపయోగపడుతుంది. ఇక ఎవరైనా 150 అన్నారంటే కోపం తెచ్చుకోకుండా ఈ టపా లింకు పంపండి.

మీరు చెన్నైలో ఉండటం కూడా కలిసొచ్చే విషయం. మీకు దగ్గర్లోనే, తిరువాన్మియూరులోని కళాక్షేత్ర అనే కళల విద్యాసంస్థలో, కలంకారీ వేసే విభాగం ఏనాటి నుంచో ఉంది. ఈస్ట్ కోస్ట్ రోడ్డు (ఈసీఆర్) మీద ముట్టుకాడులో 1996 నుంచి దక్షిణచిత్ర అనే దక్షిణాది కళల, చేతిపనుల మ్యూజియం ఉంది. ఈ ఊళ్లో చేతి పని విలువ తెలిసి, మార్గళి కచేరీలకు ఏ చీర కట్టుకోవాలా అని రెండు నెలల ముందే ఆలోచించుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లకు కాళహస్తి అన్న పేరు కొత్తగా పరిచయం చేయనక్కర్లేదు. ఆ ఊరి ఇంటి బిడ్డ వేళచ్చేరిలో ఉందన్న సంగతి తెలిస్తే చాలు.

ఇంకేం రాయాలన్నది మీ ఫోనులోనే ఉంది. గత ఆరు నెలల మెసేజులు తిరగేసి, ఒకటికి మించి సార్లు వచ్చిన ప్రశ్నలన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. ఎలా ఉతకాలి, ఇస్త్రీ చేయొచ్చా, పట్టు మీద వేస్తారా, బ్లౌజుకు వీపు మీద బొమ్మ ఎక్కడ వచ్చేలా గీస్తారు, నవరాత్రులకు కావాలంటే ఎప్పటికి చెప్పాలి. ఒక్కో ప్రశ్నకు ఒక్కో టపా. "కలంకారీ అంటే ఏమిటి" లాంటి టపా మాత్రం రాయకండి. దానికి జవాబు ఇప్పుడు గూగులే పైన కృత్రిమ మేధతో నాలుగు ముక్కల్లో చెప్పేస్తోంది, కింద లింకు నొక్కేవాళ్లు తగ్గిపోయారు. మీ కుండ, మీ రేటు, మీ నాన్న మాట, మీరు పాడుచేసి మళ్లీ వేసిన పీసు, ఇవి మీరు రాస్తే తప్ప ఎక్కడా దొరకవు. అవే రాయండి. నెలకు ఒకటి చాలు. ఏడాదికి పన్నెండు మంచి టపాలు ఉంటే నా దృష్టిలో అది నిండైన బ్లాగు.

ఇక భాష గురించి. చెన్నైలో వెతికేవాళ్లలో తమిళులు, తెలుగువాళ్లు, మలయాళీలు, మార్వాడీలు అందరూ ఉంటారు. చాలామంది వెతికేది ఇంగ్లిష్ అక్షరాల్లోనే. కాబట్టి రేట్లు, ఆర్డరు వివరాలు, ఉతికే పద్ధతి, ఈ మూడూ తేలికైన ఇంగ్లిష్‌లో ఉండాలి. మీరు ఫోనులో కస్టమరుతో మాట్లాడే ఇంగ్లిష్ సరిపోతుంది, అలంకారాలు వద్దు. మీ నాన్న గురించి, కాళహస్తి గురించి రాసేవి తెలుగులోనే రాయండి. రాయడం ఇష్టమన్నారు కదా, ఆ ఇష్టం మీ భాషలోనే నిలబడుతుంది. కాళహస్తి కలంకారీ గురించి అక్కడి ఇంటి మనిషి తెలుగులో రాసింది చదవాలని నాలాంటివాళ్లకు ఆశ. 1950లలో చేతిపనుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో అక్కడ శిక్షణ మొదలైన సంగతి, 2008లో కలంకారీ కళాకారుడు జొన్నలగడ్డ గురప్ప శెట్టి గారికి పద్మశ్రీ వచ్చిన సంగతి పుస్తకాల్లో ఉంటాయి. మీ వీధిలో ఆ రోజులు ఎలా ఉండేవో పెద్దవాళ్లు చెబితే రాయగలిగేది మీరే. తమిళం మాట్లాడతారు కాబట్టి దాన్ని రీల్స్‌లో వాడుకోండి. పాట తీసేసి, కలం నడుస్తుండగా మీ గొంతుతో తమిళంలో నాలుగు మాటలు చెప్పండి. యాస తెలుగుదైతే ఏమీ కాదు, కాళహస్తి నుంచి వచ్చారని వాళ్లే పోల్చుకుంటారు.

బ్లాగు పెట్టడం పెద్ద పనేమీ కాదు. బ్లాగర్ గానీ వర్డ్‌ప్రెస్ గానీ ఉచితంగానే దొరుకుతాయి, ఒక ఆదివారం కూర్చుంటే అయిపోతుంది, మీ మరిదిని సాయం అడగండి. ఒక్క దానికి మాత్రం డబ్బు పెట్టండి. మీ వ్యాపారం పేరుతో సొంత డొమైన్ (సైటు అడ్రసు) కొనుక్కోండి, ఏడాదికి సుమారు వెయ్యి రూపాయలు. రేపు బ్లాగర్ నచ్చక ఇంకో చోటికి మారినా అడ్రసు అదే ఉంటుంది. ఆ డొమైన్ మీ పేరు మీద, మీ ఈమెయిలు మీద ఉండాలి, చేసిపెట్టిన కుర్రాడి పేరు మీద కాదు. గడువు తేదీ క్యాలెండరులో రాసుకోండి, మర్చిపోతే ఇంకొకరు కొనేసుకుంటారు. ప్రతి పేజీలో వాట్సాప్ నంబరు ఉండాలి, ఇంటి అడ్రసు ఉండకూడదు. వేళచ్చేరి అని రాస్తే చాలు, ఇంటికి వచ్చి చూస్తామన్నవాళ్లకు మాట్లాడాక చెప్పొచ్చు. వ్యాపారానికి విడిగా ఒక సిమ్ తీసుకుంటే ఇంకా మంచిది.

ఇన్‌స్టాకు వారానికి రెండు రీల్స్ చాలు. ఆదివారం పని చేసుకుంటూ ఫోను స్టాండుకు పెట్టి రికార్డు చేసుకుంటే వారానికి సరిపడా వస్తుంది. పైన పిన్ చేసే మూడు పోస్టుల్లో ఒకదానిలో రేట్లు, ఒకదానిలో ఆర్డరు ఇచ్చే పద్ధతి, ఒకదానిలో మీ ముఖం, మీ పేరు, మీ ఊరు పెట్టండి. రేటు బయట పెట్టగానే "ప్రైస్ ప్లీజ్" కామెంట్లు తగ్గుతాయి. అవి తగ్గితే రీచ్ పడిపోతుందని కొందరు భయపెడతారు. పడనివ్వండి. క్యాప్షన్ కింద లింకు పెట్టినా నొక్కడానికి కుదరదు, కాబట్టి బ్లాగు లింకు బయోలోనూ స్టోరీ స్టిక్కరులోనూ పెట్టాలి. 2025 జూలై నుంచి ప్రొఫెషనల్ ఖాతాల పబ్లిక్ పోస్టులు గూగుల్‌లోనూ కనిపించే వీలు వచ్చింది. అందుకని క్యాప్షన్‌లో గుండె బొమ్మలు నాలుగు పెట్టి వదిలేయకుండా, ఏ గుడ్డ, ఏ బొమ్మ, ఎక్కడ వేశారు అన్నది రెండు పూర్తి వాక్యాల్లో రాయండి.

మీవారికి నా మాటగా చెప్పండి, బూస్ట్ ఆలోచన చెడ్డది కాదు, తొందరపడ్డారు అంతే. ఇప్పుడు డబ్బు పెడితే ఇంకో మూడు లక్షల మంది చూస్తారు, ఇంకో నలుగురు కొంటారు, మిగతావాళ్లు 150 అంటారు. రేటు టపా, ఆర్డరు టపా సిద్ధమయ్యాక, నవరాత్రులకు నెలన్నర ముందు, చెన్నై వరకే పరిమితం చేసి పది రోజులు రోజుకు 200 పెట్టి చూడండి. ఎన్ని వ్యూస్ వచ్చాయో చూడొద్దు. ఎంతమంది వాట్సాప్‌లో మాట్లాడారో, అందులో ఎంతమంది అడ్వాన్సు ఇచ్చారో రాసి పెట్టుకోండి. రెండువేలకు రెండు బ్లౌజులైనా అమ్ముడుపోకపోతే ఆపేయండి.

వీటన్నిటికన్నా ముందు, అంటే ఈ రోజే, చేయాల్సిన పని ఒకటుంది. ఇప్పటి దాకా మీ దగ్గర కొన్న ప్రతి ఒక్కరి పేరు, నంబరు, ఏం కొన్నారు, ఎప్పుడు కొన్నారు, ఒక నోటు పుస్తకంలో రాయండి. నేను పందొమ్మిది రోజులు ఏడ్చి నేర్చుకున్నది ఇదే. తర్వాత వాట్సాప్ బిజినెస్‌లో వాళ్లతో ఒక బ్రాడ్‌కాస్ట్ లిస్టు (ఒకే సందేశాన్ని అందరికీ విడివిడిగా పంపే జాబితా) చేయండి. ఒక్కో లిస్టులో 256 మంది దాకా పడతారు, మీ నంబరు సేవ్ చేసుకున్నవాళ్లకే సందేశం వెళ్తుంది. కాబట్టి పార్సిల్‌లో పెట్టే చీటీ మీద "నా నంబరు సేవ్ చేసుకోండి" అని రాయండి. కొత్త టపా రాసినప్పుడు, కొత్త పీసులు సిద్ధమైనప్పుడు, నెలకు ఒకటి రెండుసార్లు మాత్రమే పంపండి. రోజూ గుడ్ మార్నింగులు పంపితే బ్లాక్ చేస్తారు. ఆ నలుగురు కూడా ఈ లిస్టులో ఉండాలి. వాళ్లకు విడిగా ఫోను చేసి గుడ్డ ఎలా ఉంది, రంగు నిలిచిందా అని అడగండి. అందులో ఒక్కరు "మా వదినకు కూడా ఒకటి కావాలి" అన్నా, అది ఇంకో రీల్ చేసినదానికన్నా ఎక్కువ.

ఓపిక మాత్రం కావాలి చెల్లెమ్మా. కొత్త బ్లాగును గూగుల్ గుర్తించి జనానికి చూపించడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. నవరాత్రులకు పనికి రావాల్సిన టపా జూలైలోనే రాసేయాలి, మార్గళికి కావాల్సింది సెప్టెంబరులో. మొదటి ఆరు నెలలు ఎవరూ రాలేదని నిరుత్సాహపడకండి. ఆ ఆరు నెలలూ బ్లాగు మీకు ఇంకోలా ఉపయోగపడుతుంది, అడిగినవాళ్లకు పంపడానికి లింకుగా. ఏడాది దాటాక కూడా రాయడం భారంగానే అనిపిస్తే, రేటు టపా, ఉతికే పద్ధతి, ఆర్డరు వివరాలు, ఈ మూడు పేజీలు ఉంచి మిగతాది ఆపేయండి. అప్పుడు కూడా ఈ రోజుకన్నా మెరుగైన చోటే ఉంటారు.

ఈసారి కాళహస్తి వెళ్లినప్పుడు మీ నాన్న గారిని కొత్తగా నల్లరంగు కుండ ఒకటి పెట్టమనండి. ఇనుము, బెల్లం వేసిన మొదటి రోజు ఒక ఫోటో తీయండి. మీరు చెన్నై వచ్చేశాక, వారానికొకసారి కుండ మూత తీసి ఒక ఫోటో పంపమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. రంగు తయారైందని ఆయనకు ఎలా తెలుస్తుందో, వాసన చూసా, నురుగు చూసా, ఆయన మాటల్లోనే ఫోనులో రికార్డు చేసి, ఒక్క ముక్క మార్చకుండా రాయండి. మీ మొదటి టపా అదే. రాశాక లింకు నాకు కూడా పంపండి.